పచ్చికబయళ్ల వెనక ఆమ్లం

పశువుల కాపరి, వాగు, గుబురు చెట్టు, దూరంగా కూలిపోయిన గుడి, ఇంకా దూరంగా కొండల వరస. పదిహేడో శతాబ్దపు యూరపు ముద్రణ చిత్రాల్లో ఇవి కనబడగానే చాలామంది ఒక తీర్పు చెప్పేస్తారు: ఊళ్లో కష్టం తెలియని డబ్బున్నవాళ్ల కోసం గీసిన తీయటి అబద్ధాలు అని. ఆ తీర్పులో నిజం లేకపోలేదు, దాని సంగతి తర్వాత మాట్లాడదాం. నా అభ్యంతరమల్లా ఆ మాట అనేవాళ్లు కాపరినీ ఆవునీ చూసి ఆగిపోతారని. నేను మాట్లాడేది ముఖ్యంగా ఎచింగ్ గురించి: రాగి రేకుకు పూత వేసి, సూదితో ఆ పూతను తీస్తూ బొమ్మ గీసి, బయటపడిన రాగిని ఆమ్లంతో తినిపించి, ఆ గీతల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీసే పద్ధతి. ఈ చిత్రాలను అందంగా చేసింది వస్తువు కాదు. రాగి రేకు మీద ఏ గీత ఎంత లోతుగా దిగింది, ఎన్ని నిమిషాలు ఆమ్లంలో ఉంది అన్న లెక్క. ఆ లెక్క తెలిసిన చేతిలో అదే కాపరి, అదే ఆవు మనల్ని తెల్లవారుజాము వెలుతురులో నిలబెడతాయి. తెలియని చేతిలో బిస్కెట్ డబ్బా మూత మీది బొమ్మ అవుతాయి. కాబట్టి ఈ చిత్రాలు నిజమా అబద్ధమా అని తేల్చే ముందు ఎలా తయారయ్యాయో తెలుసుకోవాలంటాను.

రోములో పనిచేసిన ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ లొరేన్ 1636లో చేసిన 'పశువుల కాపరి'ని తీసుకుందాం. రేకు కొలత సుమారు 13 బై 20 సెంటీమీటర్లు, అంటే నోటు పుస్తకంలో ఒక పేజీ కన్నా చిన్నది. మంద నీళ్లలో దిగి దాటుతోంది. గట్టు మీద కాపరి కూర్చుని వేణువు ఊదుకుంటున్నాడు. వెనక చెట్ల గుంపు. కథ ఇంతే. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం కథ వేరు. ముందున్న గట్టు దగ్గర, చెట్ల నీడలో గీతలు ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు దిక్కుల్లో పడి నల్లటి అల్లికగా కనబడతాయి. ఆ నలుపులో కూడా సన్నటి తెల్లని సందులు మిగిలే ఉంటాయి, అందుకే నీడ మూసుకుపోయినట్టు కాక గాలి ఆడుతున్నట్టుంటుంది. కళ్లు దూరానికి వెళ్లేకొద్దీ గీతలు పలచబడి, పొట్టివై, చివరికి కాగితం రంగులో కలిసిపోతాయి. ఎక్కడ గీత ఆగి ఎక్కడ వెలుతురు మొదలైందో వేలు పెట్టి చూపించలేం.

ఎచింగ్‌లో బూడిద రంగు సిరా అంటూ ఉండదు. రేకు అంతటికీ ఒకటే నల్ల సిరా. వెడల్పుగా, లోతుగా ఉన్న గీత ఎక్కువ సిరా పట్టుకుని కాగితం మీద నల్లగా, కొంచెం ఉబ్బెత్తుగా పడుతుంది. సన్నగా, పైపైన ఉన్న గీతలో సిరా తక్కువ కాబట్టి అది బూడిద రంగులా అనిపిస్తుంది. నూనెరంగుల చిత్రకారుడు దూరపు కొండకు నీలం తెలుపు కలుపుకుంటాడు. ఎచింగ్ చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. వాడికి దూరమంటే తక్కువ లోతు, దగ్గరంటే ఎక్కువ లోతు. మైళ్ల దూరాన్ని మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని తేడాల్లోకి దించాలి.

ఈ పద్ధతిని క్లోద్ కనిపెట్టలేదు. ఆయన పుట్టిన లొరేన్ ప్రాంతంలోనే, నాన్సీ పట్టణంలో పుట్టిన జాక్ కాలో అంతకుముందే రేకును ఆమ్లంలో పెట్టడం, తీయడం, చాలనుకున్న గీతలను కప్పి మళ్లీ పెట్టడం అనే పనిని ఒక శాస్త్రంగా చేశాడు. రేకు మీద పూతకు మామూలు మైనం బదులు, వీణల్లాంటి తీగవాద్యాలు చేసేవాళ్లు వాడే గట్టి వార్నిష్ తెచ్చుకున్నాడు. అది పెచ్చులూడదు, అందుకే ఆయన గీత అంచు కత్తితో కోసినట్టుంటుంది. 1645లో పారిస్‌లో అబ్రహామ్ బోస్ ఈ పనులన్నీ పుస్తకంగా రాసి అచ్చువేశాడు. గట్టి పూతకు ఆయన చెప్పిన ఆమ్లం మన వంటింటికీ పచారీ కొట్టుకూ దూరమైనదేమీ కాదు: వెనిగర్, ఉప్పు, నవాసాగరం, చిలుము. వీటిని కాచి చల్లార్చి, ఏటవాలుగా నిలబెట్టిన రేకు మీద పైనుంచి మళ్లీ మళ్లీ పోసేవారు. నెమ్మదిగా తినే ఆమ్లం ఇది. నెమ్మదిగా తింటేనే మెట్లు మెట్లుగా ఆపడానికి వీలవుతుంది.

బోస్ ఆశయం వేరు. ఎచింగ్ గీత అచ్చం బ్యూరిన్‌తో, అంటే రాగిని నేరుగా చెక్కే ఉలితో, చెక్కిన గీతలా నునుపుగా, మధ్యలో లావెక్కి చివర సన్నబడేలా ఉండాలని ఆయన పట్టుదల. క్లోద్‌కు ఆ పట్టింపు లేదు. ఆయన గీత వణుకుతుంది, తెగుతుంది, మెలికలు పోతుంది. కొన్నిచోట్ల పూత నిలవక ఆమ్లం చుక్కలు చుక్కలుగా తినేసిన మచ్చలు కూడా అలాగే ఉండిపోయాయి. లోతు ఎక్కువైన చోట బర్నిషర్‌తో రాగిని నునిపి తగ్గించాడు, తక్కువైన చోట సూదితో నేరుగా రాగి మీదే గీశాడు. చేతిపని శుభ్రతలో బోస్ శిష్యులే మెరుగు. అయినా వాళ్ల ప్రకృతి దృశ్యాల్లో గాలి లేదు, క్లోద్ చిత్రాల్లో ఉంది. ఎచింగ్‌లో శుభ్రతకూ ప్రాణానికీ పెద్ద సంబంధం లేదనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు కనబడదు.

చెప్పింది చేతికి తెలియాలంటే ఒకసారి చేసి చూడాలి. 13 బై 20 సెంటీమీటర్ల రాగి రేకు, ఒక మిల్లీమీటరు మందం. నాలుగు అంచులూ ఆకురాయితో 45 డిగ్రీల వాలుకు అరగదీయాలి. ఈ పని బద్ధకించి వదిలేస్తే ప్రెస్సులో కాగితం చిరుగుతుంది, పైన వేసే ఉన్ని దుప్పటి తెగుతుంది. తర్వాత సుద్దపొడిలో కాస్త అమ్మోనియా కలిపి రేకును రుద్ది కడగాలి. నీళ్లు బొట్లు బొట్లుగా విడిపోకుండా ఒక పొరలా జారితే జిడ్డు పోయినట్టు. బొట్లు కట్టిందంటే వేలిముద్రల జిడ్డు ఇంకా ఉంది, అక్కడ పూత నిలవదు.

పూతకు తేనెమైనం రెండు పాళ్లు, ఆస్ఫాల్టమ్ (తారులాంటి పదార్థం) రెండు పాళ్లు, రోజిన్ (గుగ్గిలం) ఒక పాలు. రేకును మైనం కరిగేంత మాత్రమే వేడి చేసి, పూతను రోలరుతో పలచగా పరవాలి. తేనె రంగు వస్తే సరిపోయినట్టు, ముదురు గోధుమ రంగుకు వెళ్తే మందమైనట్టు. తర్వాత రేకును బోర్లించి పట్టుకుని, కింద మైనపు వత్తుల మంటను ఆడిస్తూ మసి పట్టించాలి. వత్తిని ఒక్కచోట ఆపితే పూత మాడుతుంది. మసి పూతలో కలిసి నల్లగా నిగనిగలాడితే మంచిది. మెరుపు లేకుండా చప్పగా ఉన్న చోట పూత మాడిపోయిందని అర్థం, సూది తగలగానే పెళుసులా ఊడిపోతుంది. అలాంటి మచ్చ ఒక్కటి ఉన్నా మొత్తం తుడిచి మొదటినుంచి వేయడమే మేలు. ముందుకు పోయినవాళ్లకు ఆకాశంలో నల్లటి పొక్కులు మిగులుతాయి.

గీసేటప్పుడు రాగిని కోయకూడదు, పూతను మాత్రమే తీయాలి. రేకు మీద ఎడమన ఉన్నది కాగితం మీద కుడికి వస్తుందని మరిచిపోకూడదు. కుడిచేత కర్ర పట్టుకున్న కాపరి అచ్చులో ఎడమచేతివాటం వాడవుతాడు. అది పెద్ద ఇబ్బంది కాదు గానీ వెలుతురు ఏ వైపునుంచి వస్తోందో తిరగేసి ఆలోచించకపోతే కూర్పే దెబ్బతింటుంది.

ఇక ఆమ్లం. నైట్రిక్ ఆమ్లం పొగ ఊపిరితిత్తులకు చెరుపు, పైగా గీతను అడుగున పక్కలకు తొలుస్తుంది. ఈ రోజుల్లో రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ మేలు. బోమే అనే సాంద్రత కొలతలో సుమారు 40 ఉన్న ద్రావణంలో, గది వేడి 20–22 డిగ్రీలున్నప్పుడు, ఈ లెక్కతో మొదలుపెట్టవచ్చు: దూరపు కొండలకు 5 నిమిషాలు, నడిమి చెట్లకు 15, ముందున్న గట్టుకూ నీడలకూ 45. చాలామంది ఐదు, పది, పదిహేను అని సమాన మెట్లు వేసుకుంటారు. అచ్చు తీశాక కొండా గట్టూ ఒకేచోట ఉన్నట్టు కనబడుతుంది. కంటికి తేడా తెలియాలంటే ఒక్కో మెట్టుకూ కాలం రెట్టింపో, మూడు రెట్లో కావాలి. చలికాలంలో ద్రవం మందగిస్తుంది, పాతబడినప్పుడు ఇంకా మందగిస్తుంది. అందుకని అదే రాగితో చిన్న ముక్క మీద ఆ రోజే పరీక్ష చేసుకోవాలి. వాడేసిన ఫెర్రిక్‌లో కరిగిన రాగి ఉంటుంది, కాలవలో పోయకూడదు.

మెట్లు వేయడానికి రెండు దారులు. మొదటిది, అంతా ముందే గీసి 5 నిమిషాలకు రేకు బయటకు తీసి, కడిగి, ఆరబెట్టి, కొండలను వార్నిష్‌తో కప్పి మళ్లీ దించడం. రెండోది, ముందున్న గట్టును మాత్రమే గీసి 30 నిమిషాలు ఉంచి, తీసి, చెట్లు గీసి ఇంకో 10, చివరగా కొండలు గీసి ఇంకో 5. మొత్తం లెక్క రెంటికీ ఒకటే. మొదటి దారిలో వార్నిష్ అంచు ఎక్కడ పడిందో అక్కడ మెట్టు గీసినట్టు తెలిసిపోయే ప్రమాదముంది, పొగమంచు బదులు గోడ కనబడుతుంది. వార్నిష్ పూర్తిగా ఆరకముందే దించితే ద్రవం దాని కిందికి పాకుతుంది. రెండో దారిలో పొరలు ఒకదానిలోకి ఒకటి వెళ్లేలా గీయవచ్చు, కాకపోతే మొత్తం చిత్రం ముందే మనసులో ఉండాలి. మృదువుగా కరిగిపోయే దూరాలకు నా ఓటు రెండోదానికే.

ఫెర్రిక్ క్లోరైడ్‌లో గీత అడుగున మడ్డి పేరుకుంటుంది. రేకును పైకి చూసేలా పడుకోబెడితే ఆ మడ్డి గీతను మూసేసి లోతు ఎగుడుదిగుడవుతుంది. రేకు వెనక వైపు టేపు అంటించి, మూలల్లో చిన్న దిమ్మలు పెట్టి బోర్లించడం గానీ, నిలువు తొట్టిలో వేలాడదీయడం గానీ చేయాలి.

ఇంతా చేసి ఎక్కువమంది బోల్తాపడేది చెట్ల దగ్గర. నీడ నల్లగా రావాలని గీతలను మరీ దగ్గర దగ్గరగా గీస్తారు. 45 నిమిషాల్లో గీతలు వెడల్పై, మధ్యన ఉన్న సన్నని పూత గోడలు కూలి, ఆ చోటంతా ఒకే గుంట అయిపోతుంది. గుంటకు పక్క గోడలు లేవు కాబట్టి సిరా నిలవదు. తుడిచేటప్పుడు బట్ట మొత్తం లాగేస్తుంది. కటిక నలుపు రావాల్సిన చోట పాలిపోయిన మచ్చ వస్తుంది, దాని చుట్టూ మాత్రం నల్లటి అంచు. లోతుగా తినాల్సిన గీతలను ఎడంగా గీయాలి, నలుపు కావాలంటే ఇంకో దిక్కున ఇంకో వరస వేయాలి. 'పశువుల కాపరి' నీడల్లో ఆ తెల్లని సందులు ఎందుకు బతికాయో, అవి బతకడం ఎంత కష్టమో, ఒక్క రేకు ఇలా పాడయ్యాక బాగా అర్థమవుతుంది.

అచ్చు తీయడం గురించి రెండు మాటలు చాలు. కాగితాన్ని అరగంట నానబెట్టి, పైన తడి మెరుపు పోయేదాకా బ్లాటింగ్ కాగితాల మధ్య అద్దాలి. పొడిగా ఉంటే సన్నగీతలు దిగవు, దూరపు కొండలు మాయమవుతాయి. మరీ తడిగా ఉంటే సిరాను తోసేస్తుంది. సిరా పట్టించిన రేకును మొదట గంజి పెట్టిన పలచటి బట్టతో, చివర అరచేత్తో తుడవాలి. ఆకాశాన్ని మరీ శుభ్రంగా తుడిస్తే వెలుతురు గట్టిపడుతుంది, మురికిగా వదిలేస్తే పొద్దు వాలినట్టుంటుంది.

ఇదంతా ఎచింగ్ సంగతి. బరోక్ కాలంలో ఇవే దృశ్యాలను బ్యూరిన్‌తో చెక్కినవాళ్లూ ఉన్నారు. జర్మన్ చిత్రకారుడు ఎల్స్‌హైమర్ రాగిరేకుల మీద వేసిన చిన్న చిన్న నూనెరంగుల చిత్రాలను హెండ్రిక్ గౌట్ 1608–1613 మధ్య ఏడు చెక్కుడు చిత్రాలుగా మలిచాడు. 1613 నాటి 'ఉదయం' అందులో ఒకటి. ఆమ్లం సాయం లేదు, ప్రతి గీత లోతూ చేతి బలమే. ఒత్తిగా చెక్కిన సమాంతర గీతల్లోంచి వెలుతురు కొండ వెనకనుంచి పాకుతుంది. రూబెన్స్ ప్రకృతి చిత్రాలను చెక్కిన స్కెల్టె బోల్స్‌వెర్ట్ ఇంకో రకం. ఆయన గీతల్లో కండ ఉంటుంది, చెట్టు మాను మెలి తిరుగుతుంది, మేఘం బరువుగా కదులుతుంది. రూబెన్స్ 1635లో హెట్ స్టేన్ అనే ఎస్టేటు కొనుక్కున్నాడు. ఆయన పల్లె చిత్రాల్లో బండ్లు, పాలు పితికే ఆడవాళ్లు, పని కనబడతాయి, కానీ అది భూమి ఉన్నవాడు తన భూమిని చూసుకునే చూపు. అది కూడా ఆదర్శీకరణే. క్లోద్ దగ్గర ఉన్నది నిశ్చలత, ఇక్కడున్నది సమృద్ధి.

ఇటలీలోని జెనోవాకు చెందిన కాస్తిల్యోనె మందలను, కాపరులను విస్తారంగా గీశాడు. ఆయన అసలు ఆమ్లాన్నే పక్కనబెట్టి, రేకంతా సిరా పూసి, వెలుతురు కావాల్సిన చోట తుడిచి ఒకే ఒక్క ప్రతి తీసే మోనోటైప్ పద్ధతికి ఆద్యుడు. అక్కడ దూరాలను కొలిచేది నిమిషాలు కావు, బట్ట.

వస్తువు ఒకటే అయినంత మాత్రాన ఫలితం ఒకటి కాదనడానికి డచ్చి చిత్రకారులు మంచి ఉదాహరణ. యాన్ బోట్, స్వానెవెల్ట్ రోములో పనిచేసి ఆ వెలుతురును పట్టుకున్నారు. బోట్ ఎచింగులలో ఎండ చెట్ల అంచులను కరిగిస్తుంది. బెర్హెమ్ జంతువుల పొందిక తెలిసిన గొప్ప చేయి. ఆవు తుంటి ఎముక మీద ఎండ ఎలా పడుతుందో ఆయనకు తెలిసినట్టు తక్కువమందికి తెలుసు. బెర్హెమ్‌ను చూసి నకళ్లు చేసినవాళ్లు మాత్రం ఆవును తీసుకుని ఎండను వదిలేశారు. వాళ్ల ప్లేట్లలో ముందుదీ వెనకదీ ఒకే లోతు. ఈ చిత్రాల మీద పడ్డ 'తీయటి బొమ్మలు' అన్న నింద న్యాయంగా ఆ నకళ్లకు చెందుతుంది.

ఇప్పుడు ఆ తీర్పులోని నిజం సంగతి. రోము చుట్టూ ఉన్న కంపాన్యా మైదానం మలేరియా నేల. భూమి ప్రభువంశాల చేతుల్లో, మఠాల చేతుల్లో పెద్ద పెద్ద కమతాలుగా ఉండేది. అబ్రుత్సో కొండలనుంచి కాపరులు శరత్కాలంలో మందలతో దిగివచ్చి, చలికాలం గడిపి, వేసవి జ్వరాలు మొదలయ్యేలోపు తిరిగి ఎక్కేవాళ్లు. వాళ్ల జ్వరమూ జీతమూ క్లోద్ చిత్రాల్లో లేవు. వేణువు ఊదే కాపరి గ్రీకు, లాటిన్ కవిత్వంలోంచి వచ్చినవాడు, అబ్రుత్సో నుంచి కాదు. ఈ లోటును కళ పేరు చెప్పి మాఫీ చేయమని నేనడగను.

అయితే ఆయన దేన్ని చూడకుండా వదిలేశాడో చెప్పేటప్పుడు దేన్ని చూశాడో కూడా చెప్పాలి. ఆయన్ను ఎరిగిన జర్మన్ చిత్రకారుడు యోఆఖిమ్ ఫాన్ సాండ్రార్ట్ రాసినదాని ప్రకారం, క్లోద్ తెల్లవారకముందే పొలాల్లోకి వెళ్లి చీకటిపడేదాకా ఉండి ఆకాశం రంగులు మారడం చదువుకునేవాడు. అదే 1636లో ఆయన 'కాంపో వచ్చీనో' (ఆవుల మైదానం) కూడా ఎచింగ్ చేశాడు. ప్రాచీన రోము రాజకీయాలు నడిచిన ఫోరమ్ అప్పటికి సగం మట్టిలో కూరుకుపోయి పశువుల సంతగా ఉండేది. స్తంభాల మధ్య ఆవులు ఆయన కల్పన కాదు. ఆయన మనుషుల విషయంలో కవి, వెలుతురు విషయంలో సాక్షి. రెండోదాన్ని అబద్ధమంటే ఒప్పుకోను. ఆ సాక్ష్యం నమోదైంది ఆమ్లం నిమిషాల్లోనే.

కాపరి జీవితాన్ని తేనె పూయకుండా ఎచింగ్ చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మెదక్ పల్లెనుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ పని ఉంది. ఆ రేకుల్లో మేకలు, చెట్లు, ఆడా మగా ఒకే మట్టిలోంచి మొలిచినట్టు, ఆకలీ కామమూ దాచకుండా ఉంటారు. సూదీ ఆమ్లమూ అవే, గీత వెళ్లిన దిక్కు పూర్తిగా వేరు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో రేకు లోతులనే రంగుల తాళాలుగా మార్చాడు. వేర్వేరు చిక్కదనాల సిరాలు, వేర్వేరు మెత్తదనాల రోలర్లు వాడితే ఒకే రేకు వేర్వేరు లోతుల్లో వేర్వేరు రంగులు పట్టుకుంటుంది. క్లోద్‌కు లోతు దూరమైతే ఆయనకు రంగు. రాగి మందంలో ఇంత చోటుందని తెలిసినవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

ఈ పాత చిత్రాలు చప్పగా కనబడడానికి ఇంకో మామూలు కారణముంది. మనం చూసేవి చాలావరకు అరిగిన రేకులనుంచి తీసిన ప్రతులు. రాగి మెత్తటిది. ఒక్కో అచ్చుకూ, ఒక్కో తుడుపుకూ కొంత అరుగుతుంది. మొదట పోయేవి అతి సన్నని గీతలు, అంటే సరిగ్గా ఆ దూరాలే. సూదితో నేరుగా గీసిన డ్రైపాయింట్ గీతల పక్కన లేచే రాగి పొట్టు కొన్ని పదుల ప్రతులకే నలుగుతుంది. క్లోద్ రేకులను ఆయన పోయాక కూడా, పంతొమ్మిదో శతాబ్దం మొదటిదాకా అచ్చు వేస్తూనే ఉన్నారు. ఆ చివరి ప్రతులలో గట్టు నల్లగానే ఉంటుంది, ఆకాశం మాత్రం ఖాళీ కాగితం.

పైగా పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో చాలామందికి క్లోద్ తెలిసింది రిచర్డ్ అర్లమ్ 1777లో తెచ్చిన రెండు వందల ప్లేట్ల ద్వారా. క్లోద్ తన చిత్రాల లెక్క కోసం దాచుకున్న డ్రాయింగులకు అవి అనుకరణలు. గీత ఎచింగ్, ఛాయ మెజోటింట్, సిరా గోధుమ రంగు. మెజోటింట్‌లో రేకంతా ముందే గరుకు చేసి, వెలుతురు కోసం గీకి నునిపుతారు. మెత్తగా అందంగా ఉంటుంది గానీ గీతకూ గీతకూ మధ్యన ఆడే గాలి అందులో లేదు. ఆ అభిరుచిలో పెరిగిన ఇంగ్లిషు చిత్రకారుడు థామస్ డేనియల్ తన సోదరుని కొడుకు విలియంతో కలిసి మన దేశం తిరిగి, 1795–1808 మధ్య 144 ఆక్వాటింట్లు అచ్చువేశాడు. మన గుళ్లూ చెట్లూ వాటిలో క్లోద్ కూర్పులోకి సర్దుకున్నాయి. అక్కడ గుగ్గిలపు పొడి వేసి ఛాయలు తెప్పించినా, మెట్లు మెట్లుగా కప్పి తినిపించే పద్ధతి మాత్రం పాతదే.

తేడా కళ్లతో చూడాలంటే డబ్బు అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ తమ ప్రతుల పెద్ద ఫోటోలను ఉచితంగా పెట్టాయి. ఒకే రేకుకు రెండు వేర్వేరు ప్రతులు తెరిచి పక్కపక్కన పెట్టండి. ముందు కాపరిని చూడకండి. దిగంతం దగ్గర అతి సన్నని గీతలు తెగకుండా ఉన్నాయా, ఆకాశంలో చిన్న గీతలు మిగిలాయా, చెట్టు నీడలో తెల్లని సందులు ఉన్నాయా లేక బూడిద మచ్చ అయ్యాయా చూడండి. ఎవరో తర్వాత బ్యూరిన్‌తో తిరగ చెక్కి ఉంటే నీడల్లో గీతలు అకస్మాత్తుగా నిటారుగా, బిగుసుకుపోయి కనబడతాయి. అలాంటి ప్రతిని పట్టుకుని క్లోద్ మీద తీర్పు చెప్పకూడదు.